జీడిమంగ రెండో సంచిక

మా బావ చెప్పేది నమ్మకండి. ఏ పెళ్లిలో పంక్తిలో కూర్చున్నా, విస్తట్లో పప్పు పడేలోపే మొదలుపెడతాడు: "మా మరదలు ఆడహీరోతో బొమ్మల పుస్తకం తీసిందండి. ఒక్కరు కొంటే ఒట్టు!" పంక్తి పంక్తంతా నవ్వుతుంది. నేను సాంబారు గిన్నె వైపు చూస్తూ కూర్చుంటాను. అసలు జరిగింది దానికి తలకిందులు. జీడిమంగ మొదటి సంచిక ఒక్క కాపీ మిగలకుండా అమ్ముడుపోయింది. అలా అమ్ముడుపోవడమే ఆమె ప్రాణం తీసింది. ఆ సర్వనాశనం నా చేతుల మీదుగా ఎలా జరిగిందో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

బావ అంటే మా అక్క మొగుడు. విజయనగరంలో ప్రెస్సు నడుపుతాడు. శుభలేఖల మధ్య తీరిక దొరికితే పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి నెలనెలా వేస్తాడు. అందులో హీరో వజ్రబాబు. భగవంతుడు బుర్రకు కేటాయించిన సరుకంతా వాడి భుజాల్లోనే కుక్కేశాడు. కాలేజీలో జువాలజీ చెప్పగా మిగిలిన సాయంత్రాల్లో ఆ కథలు రాసే పాపం నాది. బొమ్మలు నీలవేణివి. నా దగ్గర చదువుకున్న పిల్ల, పలాస వైపుది. వాళ్లమ్మ దాలమ్మ జీడిపిక్కలు కొట్టే షెడ్డులో కూలి. జీడిరసానికి కాలి కాలి ఆవిడ వేళ్లు గాజులా నున్నబడిపోయాయి. రేషన్ మెషిన్ మీద ఎంత అదిమినా వేలిముద్ర పడదు. బతికున్న మనిషే అయినా, మెషిన్ ఒప్పుకోదు.

నీలవేణి ఒకసారి ఆ చేతుల బొమ్మ వేసి చూపించింది. జీడిమంగ పుట్టింది అందులోంచే. వేలిముద్రలు లేవు కనుక మంగ ఏ యంత్రానికీ దొరకదు. ఆమె అరచెయ్యి తగిలితే ఇనుమైనా కరుగుతుంది. వజ్రబాబు పుస్తకం చివర రెండు పేజీలు ఆమెకిచ్చాం. పిల్లలకు నచ్చింది. నాకు దురాశ పుట్టింది.

"బావా, మంగకి సొంత పుస్తకం కావాలి."

"రెండు పేజీలకైతే బాగున్నాది గాని, ఆడపిల్ల ఒక్కత్తీ పుస్తకమంతా మోస్తాదేటే? పక్కన అన్ననో బావనో పెట్టు."

"నీలాంటి బావనా? అప్పుడిక విలన్‌ని వేరే వెతుక్కోనక్కర్లేదు."

"నోటికేటి తక్కువ నేదు. సరే, రెండు సంచికలు ఏస్తాను. రెండోది అమ్ముడైతే నెలనెలా వస్తాది, ఆ పిల్లకి జీతమూ ఉంటాది. నేదంటే పుస్తకం కట్టీడమే."

నీలవేణి అప్పటికి ఫ్లెక్సీల కొట్టులో పనిచేస్తోంది. "రెండోది కూడా వచ్చాక మానేస్తానండి మేడమ్" అంది పాపం. నేను ఊరుకుంటానా? "నీ చెయ్యి పుట్టింది నాయకుల మీసాలు దిద్దడానికా? మానెయ్!" అన్నాను. మానేసింది. ఇక ఆ పిల్ల తిండి మొత్తం మంగ రెండో సంచిక మీద ఆధారపడింది.

మొదటి సంచికను నెల్లిమర్ల దగ్గర ఒక ఊళ్లో అమ్మవారి పండగలో అమ్ముదామన్న మహా ఆలోచన నాదే. నిలువెత్తు అట్టబొమ్మ పెడదామన్నదీ నేనే. నీలవేణి వేసిన మంగ వాళ్లమ్మలాగే నల్లగా, జుట్టు ముడేసుకుని, చీర ఎగదోపుకుని, అరచేతులు చాచి నిలబడింది. నాకు నచ్చలేదు.

"జనంలో కనపడాలి కదే. మొహానికి పసుపు వెయ్. బొట్టు పెద్దది చెయ్. జుట్టు విరబొయ్యాలి. పక్కన వేపకొమ్మ."

"షెడ్డులో జుట్టు విరబోసుకుంటే మిషన్లో పడతాదండి."

"నేటివిటీ అంటారు దీన్ని."

"పసుపొద్దండి మేడమ్. మరోలాగ కనబడతాది."

"నువ్వు పుట్టకముందు నుంచి పుస్తకాలు చదువుతున్నాను నేను!"

పిల్ల నోరు మూసుకుంది. పుస్తకం అట్ట మీద కూడా అదే పసుపు మొహం ఎక్కింది.

పండగరోజు మొదట వచ్చింది ఒక ముసలావిడ. అట్టబొమ్మను కిందినుంచి పైదాకా చూసింది.

"ఏ ఊరి అమ్మోరమ్మా?"

చమత్కారం అనుకున్నాను. "పలాస వైపు" అన్నాను.

"ఓలమ్మా, అంత దూరం నుంచొచ్చీసిందా! ఏటి సేస్తాది?"

"ఆడవాళ్లని ఏడిపించినవాణ్ణి పట్టుకుందంటే, వాడు కాలిపోతాడు."

"మొగుడున్నాడా?"

"లేడు. ఒక్కతే!" అన్నాను, పక్కనే ఉన్న బావకు వినిపించేలా.

"ఉండడు మరి. ఉంటే ఇయన్నీ సెయ్యనిస్తాడేటి? కోడినివ్వాలా?"

"కోడెందుకమ్మా, పుస్తకం కొంటే చాలు."

ఆ మాటతో, పండక్కి వచ్చిన చుట్టుపక్కల ఊళ్ల జనమంతా మీద పడ్డారు. చేతులు కడుక్కుని వచ్చి మరీ పుస్తకం తీసుకున్నారు. కళ్లకద్దుకున్నారు. పొద్దువాలేసరికి అట్టబొమ్మ కుంకుమలో మునిగిపోయింది. కాళ్ల దగ్గర కొబ్బరిచిప్పలు, ఎవరో కట్టేసి వెళ్లిన కోడిపెట్ట. నాకు అప్పుడైనా తెలియొద్దా? తెలియలేదు. సినిమాహాలు ముందు హీరోల కటౌట్లకు పాలాభిషేకాలు చేసేవాళ్లను చూసి పెరిగినదాన్ని. 'అభిమానులంటే వీళ్లురా, ఇన్నాళ్లకు ఆడదానికీ దొరికారు' అని ఉప్పొంగిపోయాను. బావ తానే ఒక కొబ్బరికాయ కొట్టాడు.

నీలవేణి మాత్రం బొమ్మ దగ్గర నిలబడి కొంగుతో దాని అరచేతులు తుడుస్తోంది.

"ఏమిటే అది?"

"కుంకుమ అంటీసిందండి. సేతులు కనబడ్డం నేదు."

రెండో సంచికను బావ రెట్టింపు వేశాడు. అదే ఊరి సంతకు కట్టలు మోసుకెళ్లాం. ఈగలు తప్ప ఎవరూ రాలేదు. చివరికి ఆ ముసలావిడే కనబడితే పరుగెత్తి పట్టుకున్నాను.

"రెండోది వచ్చిందమ్మా, తీసుకో."

"మొన్న తీసుకున్నాను కదమ్మా."

"అది మొదటిది. ఇది తర్వాత కథ."

"అమ్మోరికి తరవాతేటుంటాది?"

"మొదటిది చదివారా అసలు?"

"సదవడమేటి? మా మనవరాలు తియ్యబోతే సేతి మీద ఒకటిచ్చాను. తొమ్మిదో తరగతి సదువుతాది, మడీ మైలా తెల్దు."

నమ్మలేక ఆవిడ ఇంటికి వెళ్లాను. దేవుడి గూట్లో పుస్తకం ఉంది. రోజూ చల్లిన పసుపు నీళ్లకు పేజీలు అప్పడాల కట్టలా అతుక్కుపోయాయి. ఆవిడ వద్దంటున్నా గోటితో విడదీసి చివరి పేజీ చూశాను. షెడ్డు గేటుకు బయటినుంచి తాళం. లోపల పొగ. ఊచల మధ్య నుంచి ఆడవాళ్ల చేతులు. తాళం మీద మంగ అరచెయ్యి. కింద: 'తరువాయి వచ్చే నెల.' ఆ బొమ్మకు నీలవేణి ఎన్నో రాత్రులు మేలుకుంది. గూడు పక్క తలుపు సందులోంచి మనవరాలు తొంగి చూసింది. నానమ్మ కళ్లెర్ర చేస్తే తల లోపలికి లాక్కుంది.

ఆ ఊళ్లోనే కాదు, పుస్తకం వెళ్లిన ప్రతి ఊళ్లోనూ ఇదే కథ. దేవతకు ఒక్క పటం చాలు, నెలనెలా కొత్త పటం ఎవరు కొంటారు? అన్నట్టే బావ మంగ పుస్తకం ఆపేశాడు. వజ్రబాబు ఇప్పటికీ వస్తూనే ఉన్నాడు, బుర్ర లేకుండానే. ఫ్లెక్సీల కొట్టులో నీలవేణి చోటు ఎవరో కుర్రాడికి వెళ్లిపోయింది.

తర్వాత నేను పలాస వెళ్లాను. నీలవేణి షెడ్డులో తల్లి పక్కనే కూర్చుని పిక్కలు కొడుతోంది. నన్ను చూసి, జీడిరసం పోయేలా బూడిదలో వేళ్లు అద్దుకుని లేచింది.

"బొమ్మలు వేస్తున్నావా?"

"పెన్సిలు జారిపోతన్నాది మేడమ్." వేళ్లు చూపించింది. కొసలు నున్నబడుతున్నాయి. "ఫోను కూడా నన్ను గుర్తుపట్టడం నేదు."

నేను ఏడుస్తానేమోనని భయపడింది కాబోలు, నవ్వించబోయింది. "ఇప్పుడు నానే జీడిమంగనండి మేడమ్. ఒకటే తేడా. నా సెయ్యి పెడితే తాళం కరగదు."

దాలమ్మ కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కావున సమస్త జనులకూ తెలియజేయునదేమనగా: ఇకమీదట ఏ ఆడమనిషి బొమ్మకూ, అది అట్టదైనా కాగితందైనా, చిటికెడు పసుపు తగలనివ్వనని, 'నేటివిటీ' అన్న మాట నా నోట రానివ్వనని, బొమ్మ వేసే పిల్ల 'వద్దు' అంటే నోరు మూసుకుంటానని, కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం చేస్తున్నాను.

కానీ నాకొక్కటి చెప్పండి. అన్ని ఊళ్లలో, అన్ని ఇళ్లలో, అంత భక్తిగా పుస్తకాన్ని కళ్లకద్దుకున్నారే. ఆ పొగలో ఉన్న ఆడవాళ్లు బయటపడ్డారా లేదా అని ఒక్కరికైనా తెలుసుకోవాలని ఎందుకు అనిపించలేదు?