ఎండ్ ఆఫ్ డే లోపల

ఆ రోజుల్లో ఇంగ్లిష్‌లో నేను తప్పు లేకుండా రాయగలిగినవి రెండే: నా పేరు, నా ఫోన్ నంబరు. (నంబరంటే అంకెలే కదా అంటారేమో, అందుకే తప్పు రాలేదు.) తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నన్ను హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో, ఏసీలూ లిఫ్టులూ చూసే మెయింటెనెన్స్ డెస్కు దగ్గర కూర్చోబెట్టారు. ఫిర్యాదు మెయిల్లో వస్తుంది, జవాబూ మెయిల్లోనే ఇవ్వాలి. ఐదో అంతస్తులో ఏసీ కారుతోందంటే, ఎల్లుండికి బాగవుతుందని ఉన్నమాట రాశాను. మా మేనేజరు, చాటుగా మేం 'పద్ధతి సారు' అని పిలిచే కోస్తా పెద్దమనిషి, మండిపడ్డాడు.

"ఎల్లుండేంటయ్యా? 'విల్ బి డన్ బై ఎండ్ ఆఫ్ డే' అని రాయాలి. సాయంత్రంలోగా అయిపోతుందని. అదీ పద్ధతి."

"గియ్యాల యాడైతది సార్? సామాన్ జీడిమెట్ల నుంచి రావాలె."

"అవుతుందా అని నిన్నెవరడిగారు? రాయి!"

రాశాను. ఆనాటి నుంచి కారే కుళాయికీ ఆగిన లిఫ్టుకీ అదే వాక్యం. మెయిలు కింద పేరు నాది, కాబట్టి తిట్లూ నాకే. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ నెలలోనే నా నిశ్చితార్థం, గురువారం, ఖాజాగూడలో. సోమవారమే సెలవడిగాను. ఎండ్ ఆఫ్ డే లోపల ఇస్తానని సారు జవాబు. మంగళవారం అదే, బుధవారం అదే. చెప్పకుండా మానేస్తే నాలాంటి కాంట్రాక్టు పనివాడికి ఉద్యోగం ఉండదు, ఉద్యోగం లేకపోతే కాబోయే మామ ఉండడు. బుధవారం మధ్యాహ్నం సారు గదిలో ఏసీ ఆగిపోయింది. (ఎవరు ఆపారని అడక్కండి.) ఆయన మెయిలు పెట్టాడు. నేను ఫుల్‌స్టాపుతో సహా ఒక్క తప్పు లేకుండా ఆ వాక్యం రాసి పంపి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాల్లో చెమటలు కక్కుతూ వచ్చాడు.

"వేళాకోళమా? నాకు ఇప్పుడు కావాలి!"

"నా సెలవు గూడ గట్లనే గద సార్. మూడు దినాల సంది పద్ధతి ప్రకారమే కూసున్న."

అందరూ చూస్తుండగా, నిలబడినచోటే ఫోనులో నా సెలవు మంజూరు చేశాడు. నేను వెళ్లి స్విచ్చు వేశాను.

ఆ గెలుపు కథ నిశ్చితార్థం నాడే కాబోయే భార్యకి గొప్పగా చెప్పుకున్నాను. చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పుడు నెరిసిన మీసంతో ఆ డెస్కుకి నేనే పెద్దని. మొన్న ఆదివారం సింకు కింద పైపు కారుతోందని ఆమె నాలుగోసారి గుర్తుచేస్తే, "సాయంత్రంలోగా చేస్తలే" అని, ఆకలవుతోంది, అన్నం పెట్టమన్నాను.

పళ్లెం బోర్లించి అంది: "పెడ్త తియ్యి, పద్ధతి సారూ. సాయంత్రంలోగా."