ఎలియోదోరో మామయ్య పెరట్లో ఎవరూ కదలకూడదు

మా ఎలియోదోరో మామయ్య పెరట్లోకి అడుగుపెట్టిన మనిషి కదలకూడదు. "రా, కూర్చో" అనే మాట ఆయన నోట ఎవరూ వినలేదు. "కదలకు" అన్నదే విన్నాం. ముప్పై ఏళ్లు కొండ దారుల్లో బస్సు నడిపి, హారన్ మోతతో ఊళ్లు అదరగొట్టిన మనిషి, రిటైరయ్యాక ఒక కెమెరా కొనుక్కుని హమ్మింగ్‌బర్డ్‌ల వెంట పడ్డాడు.

పెరటి నిండా పూలు, కొమ్మకొమ్మకీ పంచదార నీళ్ల సీసాలు. బొటనవేలంత పిట్ట వచ్చి సీసా ముందు గాలిలో నిలబడిందంటే మేమంతా రాళ్లయిపోవాలి. ఓసారి ఫాదర్ గారు ఇంటిని దీవించడానికి వచ్చి చెయ్యి పైకెత్తారు. "కదలకండి ఫాదర్." పావుగంట ఆ చెయ్యి అలాగే ఉంది. "బిషప్పు గారింటికి కూడా ఇంత దీవెన దక్కలేదు" అన్నారాయన తర్వాత, భుజం పిసుక్కుంటూ.

పక్కింటావిడ దోన్యా సొయిలాకి మాత్రం ఒళ్లు మండేది.

"నా బట్టలు నేను ఆరేసుకోడానికి నీ పర్మిషన్ ఏంటయ్యా?"

"ఎర్ర దుప్పటి తప్ప ఏదైనా ఆరేసుకో సొయిలా. ఎర్రది కనిపిస్తే పువ్వనుకుని అటొస్తాయి."

"రానీ. నా దుప్పటికైనా ఫోటో యోగం పడుతుంది."

ఆ ఏడు మునిసిపాలిటీ వాళ్లు క్యాలెండర్ అట్ట మీదికి ఫోటోలు అడిగారు. గడువు శుక్రవారం పొద్దున తొమ్మిది. మామయ్య ఆశంతా ఒకే పిట్ట మీద. దానికి మెరిసే నీలం తోక, ఒంటికంటే పొడుగు. ఆరేళ్లుగా ఆయన తీసిన ప్రతి ఫోటోలోనూ ఆ తోక చివరే పడింది. మిగతా పిట్ట అప్పటికే వెళ్లిపోయి ఉండేది.

గురువారం రాత్రి వడగళ్లు పడ్డాయి. తెల్లారి నేను కాఫీ తీసుకెళ్లేసరికి మామయ్య గుమ్మంలో కెమెరాతో బిగుసుకుపోయి ఉన్నాడు.

"కదలకు."

సీసా అంచున నీలం తోక పిట్ట. ముక్కు ఆకాశానికెత్తి, కళ్లు మూసుకుని కూర్చుంది. గోడ మీంచి తొంగి చూసిన సొయిలా, చేతిలో పిండని దుప్పటితో అలాగే ఆగిపోయింది. నీళ్లు ఆవిడ చెప్పుల్లోకి కారుతున్నాయి.

మామయ్య వేలు బటన్ మీదికి వెళ్లి ఆగింది.

"నొక్కు" అన్నాను పెదవులు కదపకుండా.

పిట్ట మెల్లగా పక్కకి ఒరిగింది. ఒక కాలు జారింది. రెండో కాలి గోళ్లతో తలకిందులుగా వేలాడింది.

"నొక్కవయ్యా" అంది సొయిలా గుసగుసగా. "ఇంతకంటే కదలకుండా ఏ పిట్టుంటుంది?"

మామయ్య కెమెరా నా చేతిలో కుక్కి, రెండంగల్లో వెళ్లి పిట్టని దోసిట్లోకి తీసుకున్నాడు. "చలికి కొయ్యబారిపోయింది" అంటూ వేళ్ల సందులోంచి ఊపిరి ఊదసాగాడు.

"చేతిలోనే ఫోటో తియ్యనా మామయ్యా?"

"నువ్వు స్పృహ తప్పి పడుంటే నీకు తీస్తామా?"

సొయిలా గేటు తోసుకొచ్చి తన ఉన్ని శాలువా తీసి ఆయన చేతుల చుట్టూ చుట్టింది. నేను పంచదార నీళ్లు ఒక చుక్క ముక్కు కొసకి తాకించాను. మింగలేదు.

"పోయిందేమో" అంది సొయిలా.

"పోలేదు. గుండె కొట్టుకుంటోంది." మామయ్య దోసిలి మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు. "కదులు తల్లీ. కొంచెం కదులు."

ఎంతసేపయిందో తెలియదు. మూడో చుక్కకి దారప్పోగులాంటి నాలుక బయటికొచ్చింది. సొయిలా ముక్కు చీదుకుంది.

"ఫోటో పిచ్చితో మమ్మల్ని బొమ్మల్లా నిలబెడుతున్నావనుకున్నా."

"ఫోటోదేముంది. ఇది బెదిరి ఒక్కసారి పారిపోతే, ఖర్చయిన బలం కోసం ఎన్ని పూలు తిరగాలో. పిట్ట కోసం ఆగండంటే మీరు ఆగుతారా? ఫోటో అంటే ఫాదర్ గారంతటివారు ఆగారు."

చర్చి గంట తొమ్మిది కొట్టింది. పిట్ట ఒళ్లు విదిల్చి, మామయ్య బొటనవేలు తడిపి, గిర్రున లేచింది. ఎక్కడికీ పోలేదు. సొయిలా ముక్కుకి జానెడు దూరంలో, ఎండలో, తోకంతా కనిపించేలా గాలిలో నిలబడింది. కెమెరా నా చంకలో ఉంది. మామయ్య తిమ్మిరెక్కిన చేతులు దులుపుకుంటూ నవ్వుతున్నాడు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలయ్యా?" అంది సొయిలా, కళ్లు రెండూ ముక్కు దగ్గరికి చేర్చి.

"ఏం లేదు. నిన్ను చూసి పోతుందిలే."

పిట్ట తీరిగ్గా చూసింది. గోడ దాటి వెళ్లిపోయింది. అది వెళ్లిన తర్వాత కూడా దోన్యా సొయిలా చాలాసేపు ఊపిరి బిగబట్టి అలాగే నిలబడింది.