అర్ధణా వాపసు

హనుమకొండ చౌరస్తాలో పాత రిక్షావాళ్ళెవరూ మొగిలిని ఉత్త మొగిలి అనరు, అర్ధణా మొగిలి అంటారు. ఆ పేరు వెంకట్రాజం సేటు వేలం దుకాణం వల్ల వచ్చింది.

ప్రతి శుక్రవారం ఆ దుకాణంలో పాత సామాను వేలం వేసేవారు. బదిలీ మీద పోయే ఆఫీసర్ల మంచాలు, బీరువాలు, మూతపడిన దుకాణాల కుర్చీలు, తక్కెడలు వచ్చేవి. కొనేవాళ్ళను రిక్షాలో తెచ్చి గుమస్తా దగ్గర తన పేరు రాయించినవానికి, పాట ధరలో రూపాయికి అణా చొప్పున సేటు ఇచ్చేవాడు. తక్కిన రిక్షావాళ్ళు ఆ అణా జేబులో వేసుకునేవారు. మొగిలి మాత్రం అందులో సగం కొన్నవాళ్ళకే తిరిగి ఇచ్చేవాడు. తొక్కినందుకు కిరాయి ముట్టింది, పైన వచ్చేదంతా తనకే ఎందుకని అతని లెక్క.

అప్పటికి అణాలు పోయి ఇరవై ఏళ్ళు. అయినా ఊరి బడిలో మూడో తరగతి దాకా పంతులు నేర్పినవి అణాలే కాబట్టి మొగిలి తల అణాల్లోనే నడిచేది. పదహారుకు ఒక రూపాయి, ముప్ఫైరెండుకు రెండు అని ఎత్తు ఎక్కుతూ, రొప్పుతూనే కూడేవాడు. ఆ వాపసు ఎట్లా లెక్క కడతారో తెలుసుకోవడం మీద అతనికి భలే ఆశ. పన్ను మీద కూడా వస్తుందా? రాదు, గుమస్తా చెప్పాడు. మంచంతో పరుపు కలిపి పాడితే? పాట ఒక్కటే కాబట్టి రెండింటి మీదా వస్తుంది. సామాను బాగాలేదని వాపసు తెస్తే? అణా పోతుంది. అందుకే ఎనిమిది రోజులు ఆగి ఇస్తారు. ఒక్కొక్క సంగతి తెలిసిన రోజు మొగిలికి కొత్త పాఠం వచ్చినంత సంతోషం.

డెబ్బై ఏడులో, బడులు తెరిచే ముందు, ఒక కుట్టు మిషను వేలానికి వచ్చింది. పొద్దున్నే కొత్తవాడ నుంచి టైలర్ రాజమల్లును తెచ్చాడు మొగిలి. మళ్ళీ సుబేదారి పోయి మరియమ్మను ఎక్కించుకున్నాడు. ఆమె దవాఖానలో ఆయా. మోకాళ్ళు పట్టేసి పని మానుకుంది. కమ్మలు అమ్మిన మూడువందల ఇరవైఐదు రూపాయలు కొంగున కట్టుకుని బయలుదేరింది. ఆ మిషను దొరికితే తన బువ్వ తాను తింటుంది, లేకుంటే తమ్ముని ఇంట్లో పడి ఉండాలి. దారిలో ఇద్దరికీ మొగిలి ఒకే మాట చెప్పాడు, మీరు కొంటే అర్ధణా మీదేనని. ఎవరు కొన్నా మంచిదే అనుకున్నాడు పాపం.

పాట మొదలైంది. రాజమల్లు రెండువందల తొంభై అన్నాడు. మరియమ్మ మూడువందలు అంది. ఆమె అనుకున్న హద్దు అదే. రాజమల్లు జర ఆగి మూడువందల పది అన్నాడు. మరియమ్మ కళ్ళు మూసుకుంది. ప్రార్థన చేసుకుంటున్నదని మొగిలి అనుకున్నాడు గానీ ఆమె లెక్క వేసుకుంటోంది. మూడువందల ఇరవై అంది. ఆమెకే కొట్టేశారు.

నాలుగో వంతు బయానా, ఎనభై రూపాయలు, అక్కడికక్కడే కట్టింది. పన్నుతో మొత్తం మూడువందల ముప్ఫైరెండు రూపాయల ఎనభై పైసలన్నాడు గుమస్తా. మరియమ్మ నింపాదిగా మొగిలి వైపు తిరిగింది.

"తమ్మీ, నీ అర్ధణా లెక్కన పది రూపాయలు ఇయ్యి. అవి కలిస్తె సరిపోతది."

మొగిలి జేబు తడుముకున్నాడు. ఎనిమిది రోజుల సంగతి ఆమెకు చెప్పనే లేదు. ఏడు రూపాయల ఎనభై పైసలు తక్కువ. రేపు సాయంత్రం ఐదుకు కట్టకుంటే బయానా పోతుంది, మిషనూ పోతుంది. రిక్షా అద్దె పోను అతని జేబులో మూడు రూపాయలున్నాయి. అణా ముందుగా ఇమ్మని సేటును బతిమాలాడు. నీకొక్కనికి ఇస్తే అందరికీ ఇయ్యాలె గదా అని సేటు మెల్లగానే కాదన్నాడు.

రాజమల్లు ఆ ధరకే తీసుకుంటే బయానా అయినా దక్కుతుందని మొగిలి కొత్తవాడకు తొక్కాడు. టైలర్ నెత్తి అడ్డంగా ఊపాడు.

"మూడువందల ఇరవైకా? నేను తొంభై కాడనే ఆగేటోణ్ణి. నీ అర్ధణా యాదికొచ్చి ఇంకో పాట పాడిన."

మొగిలి గడప మీద కూలబడ్డాడు. రాజమల్లు తొంభైకి ఆగితే మిషను మరియమ్మకు మూడువందలకే వచ్చేది. పన్ను పోను పదమూడు రూపాయలు చేతిలో మిగిలేవి. పది ఇస్తానన్న మాట ఆమె చేత ఇరవై ఎక్కువ పాడించింది. ఇన్నేళ్ళుగా వాపసు ఎంతని లెక్క కట్టాడే గానీ, ఆ మాట పాటను ఎంత పెంచుతుందో ఎన్నడూ కట్టలేదు.

ఉన్నదంతా చెప్పేశాడు. రాజమల్లు కత్తెర పక్కన పెట్టాడు.

"ఇంకో మిషను నాకెందుకనుకున్నవు? బడిపిల్లల లాగులు కుట్టి కుట్టి చేతులు పోతున్నయి, అందుకు. ఆమె కుడ్తదా?"

ఆమెకు దవాఖాన దిండు గలేబులు కుట్టిన అలవాటుందని మొగిలి చెప్పాడు. కత్తిరించిన ఖాకీ లాగుల మూట ఒకటి, దాని మీద ఎనిమిది రూపాయల అడ్వాన్సు పెట్టి టైలర్ రిక్షాలో వేశాడు. తాను పాడి ఓడిపోయిన మిషను మీదికే తన పని పంపిన మనిషి అతను.

మర్నాడు పొద్దున డబ్బు కట్టి, మిషను దింపాక, మొగిలి మరియమ్మ ముందు నిలబడి తన తప్పు ఒప్పుకున్నాడు. ఆమె మిషను చక్రం ఒకసారి తిప్పి చూసింది.

"నువ్వు కావాలని చేసినవా? ప్రభువుకు తెల్వదా. పో, చాయ తాగి పో."

ఎనిమిదో రోజున అణా మొత్తం, ఇరవై రూపాయలూ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె పది లెక్కపెట్టి తీసుకుని, పది అతని చొక్కా జేబులో కుక్కింది.

"మాట అర్ధణాకే ఉండె."

ఆ వారం నుంచి మొగిలి, వేలానికి తెచ్చేవాళ్ళతో ఎండ గురించి మాట్లాడాడు, బియ్యం ధర గురించి మాట్లాడాడు, వాపసు ఊసు ఎత్తలేదు. చెప్పకుంటే నీ రిక్షా ఎవరెక్కుతరురా అని సేటు అడిగితే, నడవలేనోళ్ళు ఎక్కుతరు సేటూ అన్నాడు. ఎనిమిదో రోజున మాత్రం అర్ధణా పట్టుకుని, కొన్నవాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ పోయి తలుపు కొట్టేవాడు. ఏం డబ్బులో అర్థంకాక జనం మొదట తీసుకోవడానికే జంకేవారు. అప్పుడు అరుగు మీద కూర్చుని, పదహారుకు ఒకటి అని మొదలుపెట్టి, లెక్కంతా ఓపికగా చెప్పేవాడు.