నేను ఏరిన లావు తీగ

మా చిన్నప్పుడు... మదురైలో తంబూరా తీగలమ్మే అంగడి గడప మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, చుట్టలోంచి జానెడు ఇత్తడి తీగ లాగి బొటనవేలి మీద వంచి చూస్తున్నాను. నయాపైసలు వచ్చిన కొత్త. నాకు పన్నెండేళ్ళు. పక్కన మా నాయన.

నాయన రాజపాళయంలో నూలు మిల్లులో పనిచేసేవాడు. శనివారాలు మా వీధి భజన మడంలో పాడేవాడు. మడం తంబూరాకు నాలుగు తీగలు... చివరిది, అడుగు శ్రుతి పలికే లావు తీగ, కర్రలా బిరుసు. ఒక్క పాట ముగిసేలోగా మీటేవాళ్ళ వేలు కందిపోయేది.

నాకు అక్షరం రాదు. తమ్ముణ్ణి ఎత్తుకునేవాళ్ళు లేరని నన్ను బడికి పంపలేదు. కానీ పత్తిలో పుట్టి పెరిగిన వేళ్ళు కదా... ఏ పోగు తెగుతుందో ఏ పోగు సాగుతుందో ముట్టుకుని చెప్పేదాన్ని. అందుకే నాయన నన్ను వెంట తీసుకుపోయాడు. బస్సులో మాట కూడా ఇచ్చాడు.

"నరం నువ్వు ఏరు తల్లీ. పెరటాసి మూడో శనివారం తంబూర నీ ఒళ్ళోనే."

పెరటాసి అంటే అరవ నెల, దాని శనివారాల్లో పెద్ద భజనలు. నా ఒళ్ళోకి వచ్చే ఆ తంబూరా కోసం అంగట్లో ఉన్న చుట్టలన్నీ తడిమాను. వంచితే వంగినట్టే ఉండిపోయేది చచ్చిన తీగ. చివుక్కున లేచి కొట్టేది వేలిని కోస్తుంది. మెత్తగా వంగాలి, మెల్లగా లేవాలి, వేలిని నిమిరి పోవాలి... ఏడో చుట్టలో దొరికింది. అయితే అందులో మిగిలిన తీగ పొడవు చాల్లేదు. అదే రకం తెప్పించి పోస్టులో పంపిస్తానన్నాడు అంగడాయన. ఈ పిల్ల వేలికి కళ్ళున్నాయని అరవంలో నాయనతో అన్నాడు కూడా. నాయన ఎంత పొంగిపోయాడో...

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. తెలుగు మాట్లాడే మా ఇంట్లో తంబూరా తీగను 'నరం' అనేవాళ్ళం. 'తంది' అంటే మాకు పోస్టాఫీసు తంది, టెలిగ్రాం ఒక్కటే. అది వచ్చిందంటే ఎవరో పోయారనే. అరవంలో తీగనూ తంది అనే అంటారని నాకు అప్పటికి తెలియదు. నాయనకు తెలుసు.

తీగ వచ్చేలోగా నా పని నేను చేసుకున్నాను. తంబూరాకు గుర్రం అనే చెక్క ఉంటుంది, దాని మీద తీగ కింద చిన్న నూలుపోగు పెడతారు. జీవాళి అంటారు. అది కుదిరితేనే తీగ తుమ్మెదలా జుమ్మంటుంది. ఏకు లోంచి నాలుగు పోగులు లాగి, నా చేత్తో పేని, అమ్మ సందుగలో దాచాను.

ఆ మూడో శనివారం పొద్దున నాయన ఏదో అచ్చు కాగితం పట్టుకుని లోపలికి వచ్చాడు.

"తంది వచ్చినాది తల్లీ. నువ్వూ అమ్మా మంసాపురం పోయి అవ్వను చూసిరాండి."

తనను కన్నతల్లే పోయిందనుకుని అమ్మ ఏడుపు అందుకుంది. తనకూ చదువు రాదు. నేను ఏడుస్తూనే సందుగ తెరిచి, జీవాళి తీసి నాయన చేతిలో పెట్టాను. తీగ వస్తే మీరే కట్టేయండి అన్నాను. తీసుకున్నాడు... తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు.

మంసాపురంలో అవ్వ వాకిట్లో చేట ముందేసుకుని వేరుశెనక్కాయలు వలుస్తోంది.

"ఎవురు సచ్చినారని ఏడ్చుకుంటా వచ్చినారు? నేనా?" అంది.

అమ్మ ఏడుపూ నవ్వూ కలిపి అవ్వను పట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. బస్సు కోసం ఆగకుండా నడక మొదలుపెట్టాను. అమ్మ పిలుస్తూ వెనకే వచ్చింది.

దీపాలు పెట్టే వేళకు మా వీధి మలుపు తిరిగామో లేదో, లావు తీగ వినబడింది. నేను ఏరిన తీగే. పాట కంటే ముందు అదే చెవిన పడింది.

మడంలో మిల్లు మేస్త్రీ కూతురి ఒళ్ళో ఉంది తంబూరా. నాయన షిఫ్టు, నాయన పని, అంతా ఆ మేస్త్రీ చేతిలో. మా అమ్మాయి మీటాలని ఆయన అడిగాడట. ఆ పిల్లను నేనేమీ అనను, దానికేం తెలుసు...

నేను నేరుగా పోయి తీగల మీద అరచెయ్యి పెట్టాను. పాట ఆగింది.

"అవ్వ బాగుండాది నాయినా. మరి ఎవురికి వచ్చినాది తంది?"

నాయన అందరి వంకా ఒకసారి చూశాడు. "నేను బొంకలేదే. తంది వచ్చినాదంటిని, వచ్చినాది. పొద్దున తెచ్చింది నరమొచ్చిన కవరే, దాని మీద అరవంలో అదే రాసుండాది. కావలిస్తే చదువుకో."

చదువుకో... అన్నాడు.

మేస్త్రీ నవ్వాడు. ఆయన నవ్వాడని ఇంకో ఇద్దరు నవ్వారు. నేను లావు తీగ ఎత్తి, కింద ఉన్న జీవాళి లాగేసుకున్నాను.

"నరం మీది. నూలు నాది" అని బయటికి వచ్చేశాను. వెనక ఆ పిల్ల మళ్ళీ మీటింది. తీగ మొద్దుగా, రేకు డబ్బాలా పలికింది.

తర్వాత నాయన ఎన్నిసార్లు పిలిచినా నేను తంబూరా ముట్టలేదు. పని పోతుందని భయపడ్డాడు పాపం, ఇంకా ఎందుకు మనసులో పెట్టుకుంటావు అంటారు మా వాళ్ళు. భయమైతే భయమని చెప్పి ఉండొచ్చు కదా... తంబూరా నేనే తీసుకుపోయి ఆ పిల్ల ఒళ్ళో పెట్టేదాన్ని. నాకు చదువు చెప్పించనిదీ ఆయనే, ఆ చదువు లేనితనం చూసి నన్ను బస్సెక్కించిందీ ఆయనే. ఆయన పోయి నలభై ఏళ్ళు. నా మాట ఇప్పటికీ అదే.

మొన్న మనవరాలు తన బేస్ గిటారుకు తీగలు ఫోన్‌లో ఏరుకుంటోంది. మెత్తనివి, బాగా వంగేవి, వేలికి నొప్పి ఉండదు అని చదివి వినిపించింది. ముట్టుకోకుండా ఎట్లా తెలుస్తుందే అంటే, రాసుందిగా అవ్వా అంటుంది. ఇప్పుడు అంతే... తీగను వంచి చూసే గడపలు లేవు, రాసింది నమ్మి కొనుక్కోవడమే.

ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్నదీ అదే. మీ ఇంట్లోనూ ఎవరైనా నిజమే పలికి మిమ్మల్ని మోసం చేసి ఉంటే కింద రాయండి. నాకు చదివి వినిపిస్తుంది. అది చదువుతున్నంతసేపూ నేను దాని మొహమే చూస్తూ కూర్చుంటాను... అరవై ఏళ్ళుగా ఎవరు ఏ కాగితం చదివినా అంతే.