ఎడమకాలి కోసం ఒక ప్రార్థన

హైదరాబాద్‌లో ఆటోమేటిక్ కారుకు అలవాటుపడిన నేను రాజమండ్రిలో గేర్ల కారు అద్దెకు తీసుకున్నాను. ఆత్రేయపురం దాటాక, పెళ్లి జరిపించడానికి వెళ్తున్న ఒక పాస్టరుగారిని ఎక్కించుకున్నాను. గేరు మార్చినప్పుడల్లా ఆయన తల ముందుకెళ్లి వెనక్కొచ్చేది. కాలవ గట్టు ఎక్కుతుండగా ఇంజిన్ ఆగిపోయి, కారు వెనకున్న చేపల చెరువువైపు జారింది. గట్టిగా బ్రేకు తొక్కాను.

“ఏమీ అనుకోకండి, చిన్న ప్రార్థన చేసుకుంటానండి,” అని ఆయన కళ్లు మూసుకున్నారు. “తండ్రీ, నీ బిడ్డ ఎడమకాలికి ఓర్పునివ్వు. క్లచ్ మెల్లగా వదిలే జ్ఞానమివ్వు.”

నాకు ‘అండి’, దేవుడికి ‘నువ్వు’. అంత మర్యాద చేశాక మాట వినకపోతే బాగుండదు. ఇంజిన్ మళ్లీ స్టార్ట్ చేసి, క్లచ్ మెల్లగా వదిలాను. కారు గట్టెక్కింది. రెండో గేరు, మూడో గేరు కుదుపు లేకుండా పడ్డాయి.

“ఇక కళ్లు తెరవండి పాస్టరుగారూ,” అన్నాను గర్వంగా.

“చర్చి రానివ్వండి. ఇంకా ఆమెన్ అనలేదండి,” అన్నారాయన.