మరిది తిప్పిన గాలి మర

మొన్న ఆయాసం ఎక్కువై మనవరాలు నన్ను కోలారు ఆస్పత్రిలో చేర్పిస్తే, అక్కడి నర్సు పిల్ల నా మణికట్టు వెనక్కి వంచి, వేలితో నాడి వెతికి, సూదిని నిలువుగా దించింది. మామూలుగా మోచేతి దగ్గర రక్తం తీస్తే చీమ కుట్టినట్టుంటుంది, ఇది మాత్రం ఎముకలో మేకు దిగగొట్టినట్టుంది. అరవకుండా ఎట్లా ఓర్చుకున్నావవ్వా అని ఆ పిల్ల ఆశ్చర్యపోతే, ఈ సూది గుచ్చే మనిషి మూతినే పగలగొట్టినదాన్ని నేను, నీ పని చూసుకో అని నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పని సంగతి అది. గనుల్లో మగవాళ్ళ దగ్గు వింటూ కాపురాలు చేసిన నా ఈడు ఆడవాళ్ళకైతే అర్థమవుతుందని ఇప్పుడు చెబుతున్నాను.

నా పుట్టిల్లు ముళబాగిలు దగ్గర రాగులు పండించుకునే ఇల్లు, చదువు మూడో తరగతితో సరి. బంగారు గనులు దొరల చేతి నుంచి సర్కారు చేతికి వచ్చి చాలా ఏళ్ళయిన తర్వాతి మాట ఇది. మా ఆయన భూమి లోపల రాతికి రంధ్రాలు వేసే మిషను పట్టేవాడు. ఆ రాతి పొడి పద్దెనిమిదేళ్ళు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిపోయి, ఇంటి ముందు నాలుగు మెట్లు ఎక్కితే మధ్యలో రెండుసార్లు ఆగేవాడు. ఒక వానాకాలం పొద్దున ముఖం కడుక్కుంటూనే పెదవులు నీలంగా మారి, గోడ పట్టుకుని కిందికి జారిపోయాడు. మా గని కూలీల ఇళ్ళ లైనులో ఉన్న మగవాళ్ళు మంచంతో సహా ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తారు.

అక్కడి పెద్ద నర్సమ్మ నలభై దాటిన మనిషి, సన్నగా, ఎండిన చింతబెత్తంలా ఉండేది. ఆయన ముక్కుకు ఆక్సిజను గాలి గొట్టం పెట్టి, మణికట్టులో సూది దించింది. ఆయన గావుకేక పెట్టి కాళ్ళు తన్నాడు, నేను మోకాలితో తొక్కిపెట్టి చెయ్యి కదలకుండా పట్టుకున్నాను, రక్తం ఎవరూ లాగకుండానే తనంతట తానే సిరంజిలోకి ఎగదన్నింది. దాన్ని ఐసు గడ్డలున్న గిన్నెలో పెట్టి మిషను గదికి పంపి, వచ్చిన చీటీ చూసి, సిలిండరు మీది గాలి మరను సన్నగా, గొట్టం మధ్యలోని బాటిలులో నీళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి బుడగ వేసేంత మాత్రమే తిప్పింది. నన్ను దగ్గరికి పిలిచి, లోపల చెడ్డ గ్యాసు నిలిచిపోయి రక్తానికి పులుపు పట్టిందనీ, ఏళ్ళ తరబడి ఒళ్ళు సోడా ఉప్పులాంటిది దాచుకుని ఆ పులుపును సరిపెట్టుకుంటూ వస్తోందనీ, అందుకే బాగున్న మనిషికి ఏడు పాయింటు నాలుగుండే అంకె చీటీలో ఏడు పాయింటు మూడు నాలుగు దగ్గర నిలిచిందనీ, ఆ అంకె తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టనీ విడమరచి చెప్పింది.

"గాలి తక్కువైతేనే ఆయన ఒళ్ళు ఊపిరి తీస్తా ఉండాది అమ్మా. ఎద్దుకు ములుకోల ఎట్లనో, ఆయనకి ఆ కొరత అట్ల. నిండా గాలి ఇస్తే ఊపిరి తీసేదే మరిచిపోతాడు. మరను ఎవురూ ముట్టొద్దు."

నేను నమ్మలేదు. దీపం వత్తి సగానికి దించి వంట చేసుకునే దాన్ని, సబ్బు అరిగి రేకైతే కొత్త సబ్బుకు అంటించి వాడుకునే దాన్ని, పొదుపు నాకు కొత్త కాదు. ఈమె కూడా ఆస్పత్రి గాలిని అట్లాగే పొదుపు చేస్తోందనుకున్నాను. వస్తువుల్లో పొదుపు చెయ్యాలి గానీ మనిషి ఊపిరిలోనా అని కడుపు మండిపోయింది.

రాత్రి షిఫ్టు దిగి మా మరిది నేరుగా వార్డులోకే వచ్చాడు, బూట్లకు బురద, తల మీద ఇనపటోపీ అట్లాగే ఉన్నాయి. అన్న రొమ్ము కొలిమితిత్తిలా ఎగసిపడుతుండగా బాటిలులో ఒక్కొక్క బుడగే లేస్తుండటం చూశాడు. భూమి లోపల మందుగుండు పేల్చిన తర్వాత పొగ కమ్మితే, గాలి పైపు మరను ఆఖరిదాకా తిప్పి ముఖం దాని దగ్గర పెట్టి బతికే మనుషులు వాళ్ళు. మా ఆయన ఒకసారి అట్లాగే తమ్ముణ్ణి లాక్కొచ్చి పైపు ముందు పడేసి బతికించాడు. అందుకని వాడు ఎవరినీ అడగలేదు.

"ఏం వదినా, ఇంత సన్నంగా పెట్టినారు? మా అన్నేమన్నా కోడిపిల్లా?" అంటూ మరను ఆఖరిదాకా తిప్పేశాడు. నర్సమ్మ చెప్పిన మాట నా నాలుక చివరన ఉంది. నేను నోరు తెరవలేదు.

బాటిలు నీళ్ళు కాగే ఎసరులా తెర్లాయి. చూస్తుండగానే ఆయన పెదవుల నీలం పోయింది, ఆయాసం తగ్గింది, ముఖం ఎర్రబడి కళ్ళు మూతపడ్డాయి. చూస్తివా, మూడు దినాలుగా నిద్ర లేని మనిషి ఎట్ల పండుకున్నాడో అని మరిది పొంగిపోయాడు. నేను కూడా హాయిగా గోడకు ఆనుకుని కూర్చున్నాను. అది నిద్ర కాదు.

గంట తిరక్కుండా నర్సమ్మ వచ్చింది. బాటిలు చూసి, మర చూసి, మా ఇద్దరి ముఖాలు చూసి, మరను మునుపటంత సన్నం చేసింది. ఆయన్ని పిలిచింది, పలకలేదు. చెంపల మీద కొట్టింది, పిడికిలి కణుపులతో రొమ్ము ఎముక మీద చర్మం కందిపోయేలా రుద్దింది, అయినా పలకలేదు. గాలి తగ్గించి, పైగా నా మొగుణ్ణి కొడుతోందన్నదే నాకు కనబడింది. లైనులోవాళ్ళు సంగటి పంపిన ఇత్తడి క్యారియరు చేతిలో ఉంది. బలమంతా పెట్టి ఆమె మూతి మీద కొట్టాను. పెదవి చీలి, ఒక పన్ను ఊడి, రక్తం తెల్ల చీర మీదికి ధారగా కారింది. అడ్డం వచ్చిన వార్డు మనిషిని మరిది కాలరు పట్టి ఇనప మంచానికేసి గుద్దాడు. వాడి నుదురు పగిలింది, పక్కనున్న సీసాలు ముక్కలు ముక్కలయ్యాయి, ఆ గాజు మీదే ఇద్దరూ పడి దొర్లారు. ఇద్దరు ఆయాలు నా జుట్టు పట్టుకుని వెనక్కి లాగారు, నేను ఒకామె చెయ్యి కొరికాను.

అంత గలాటాలోనూ నర్సమ్మ రక్తం పక్కకు ఉమ్మి, ఆయన రెండో మణికట్టులో సూది దించింది. ఈసారి ఆయన అరవలేదు, కాలు కూడా కదపలేదు. అది చూసి నేను కొరకడం ఆపాను.

చీటీ వచ్చింది. అంకె ఏడు పాయింటు ఒకటి నాలుగుకి పడిపోయింది. గ్యాసు గంటలో పెరిగిపోతుంది గానీ దానికి సరిపడా సోడా కూడబెట్టడానికి ఒంటికి దినాలు పడుతుందట, అందుకే ఉన్నట్టుండి రక్తమంతా పులిసిపోయింది. పరుగెత్తుకొచ్చిన డాక్టరు చెప్పగానే ఆమె ఆయన మూతికి నల్ల రబ్బరు సంచి బిగించి, తన చేతులతో ఊపిరి నొక్కడం మొదలుపెట్టింది. చేతులు సడలేసరికి తల ఎత్తి, మోకాళ్ళ మీద నిలబడ్డ నా మరిదిని చూసింది.

"ఏమప్పా, కొట్టేదానికి బలముండాది గదా, పిసికేదానికి లేదా? రా. నేను చెప్పినప్పుడు పిసుకు, చెప్పినప్పుడు విడు."

మోచేతుల దాకా గాజు గుచ్చుకున్న చేతులతో వాడు మధ్యాహ్నం దాకా అన్నకు ఊపిరి పోశాడు. ఏడుస్తూనే పిసికాడు. గంటకొకసారి సూది, గంటకొకసారి చీటీ. ఏడు పాయింటు రెండు అయింది, ఆపైన ఏడు పాయింటు రెండు ఏడు అయింది. చివరికి మా ఆయన ఒక్క ఉదుటున సంచిని తోసేసి, తమ్ముడి గుండె మీద కాలితో తన్ని, నోటికొచ్చిన బూతు తిట్టాడు. నా కాపురంలో నేను విన్న అన్ని మాటల్లోనూ మంచి మాట అదే.

ఆమె మా మీద పోలీసులకు చెప్పలేదు. వాచిన మూతితో నా ముందు నిలబడి, "తప్పయింది గిప్పయింది అనొద్దు. ఇంగ వారం దినాలు ఆ మర కాడ నువ్వే కూర్చో. ఎవురన్నా ముట్టితే నన్ను కొట్టినట్టే కొట్టు" అంది. కూర్చున్నాను. దొడ్డికి పోవాల్సి వచ్చినా మరిదిని కాపలా పెట్టి పోయేదాన్ని. ఆయన ఆ తర్వాత నాలుగేళ్ళు బతికి, ఇద్దరు బిడ్డల పెళ్ళిళ్ళు చూసి, ఇంట్లోనే కన్నుమూశాడు.

ఆమె వద్దన్నా ఒకరోజు క్షమించమని అడగాలనే ఉండేది. ఆస్పత్రి ఎక్కడికి పోతుంది, ఆమె ఎక్కడికి పోతుంది అనుకుంటూ వాయిదా వేశాను. ఆమె పని చాలించుకుని వాళ్ళ ఊరికి వెళ్ళిపోయింది, ఏ ఊరో అడిగి పెట్టుకోలేదు. గనులు మూతపడ్డాయి. మా లైనులో సగం తలుపులకు తాళాలు, తక్కినవాళ్ళు తెల్లవారకముందే మారికుప్పం రైలు పట్టుకుని బెంగళూరు పనులకు పోతారు. మరిదిని కూడా ఆ రాతిపొడే తీసుకుపోయింది. ఆ వేళ ఆ మంచం చుట్టూ కొట్టుకున్నవాళ్ళలో ఇప్పుడు నాకు తెలిసి మిగిలింది నేనొక్కదాన్నే. మా వీధిలో ఇప్పుడు గలాటాలు లేవు, ఎవరి కోసం ఎవరూ ఎవరి మూతీ పగలగొట్టరు. అందరూ నెమ్మదిగా బతకడం మంచిదే అంటారు. నాకు మాత్రం ఇంత నెమ్మది ఇంకా అలవాటు కాలేదు.