స్టేషన్‌లో నా చెయ్యి పట్టుకున్నామె

బడికి పోకుండా ఇంట్లో అమ్మ దగ్గరే చదువుకున్నాను. సినిమా కథలు రాయాలని ఆశ. ఒక నిర్మాతకు కథ వినిపించాల్సిన రోజున, సికింద్రాబాద్ స్టేషన్‌లో ప్లాట్‌ఫాం చివర నిలబడి, నాయిక ఆఖరి మాటలు పైకే చెప్పి చూసుకుంటున్నాను: "అమ్మా, నాకోసం ఏడవకు. ఇంక సెలవు." చెబుతుంటే నిజంగానే కన్నీళ్లొచ్చాయి.

రైలు కూత వినిపించగానే, పూలమ్మే ఒక పెద్దామె నన్ను గట్టిగా వెనక్కి లాగింది. "ఏందీ బిడ్డా, గీ పని?"

"సినిమా కథమ్మా, ఊరికే చెప్పుకుంటున్నా."

"నా బిడ్డ సుత గిట్లనే సెలవంది, అడిగితే ఊకనే అన్ననని నవ్వింది. తెల్లారేసరికి లేదు."

నేనెక్కాల్సిన బండి వెళ్లిపోయినా ఆమె నా చెయ్యి వదల్లేదు.

ఆరోజు కథ వినిపించలేకపోయాను. ఆమెను పంపిన దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. రాయాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగేది ఒక్కటే: చావు రాసేటప్పుడు, దాని తర్వాత బతకాల్సిన అమ్మను మరిచిపోకండి.